ఇరుసుకు కందెన

పోయిన వానాకాలంలో నా స్కూటరు ముందు చక్రం మూలగడం మొదలుపెట్టింది. మొదట గాలి చప్పుడనుకున్నాను. తరువాత టైరుదేమో అనుకున్నాను. పురానాపూల్ దాటి జూపార్కు వైపు వస్తూండగా, బహదూర్‌పురా చౌరస్తాలో 2022లో తెరిచిన ఫ్లైఓవరు నీడలో, ఆ మూలుగు గోడలకు తగిలి రెట్టింపై వినిపించేసరికి ఇక ఉపేక్షించే ధైర్యం చాలలేదు. పక్కనే ఉన్న చిన్న షెడ్డులోకి బండి నెట్టుకుపోయాను.

అక్కడి ఉస్తాద్ గారికి అరవై దాటి ఉంటాయి. నేను చెప్పబోయిన లక్షణాలేవీ ఆయన వినలేదు. బండిని సెంటర్ స్టాండు వేయించి, చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి, ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇరుసు మీద ఆనించి, దాని పిడిని తన చెవికి ఆనించుకున్నారు. వైద్యుడు గుండె విన్నట్టు కాసేపు విన్నారు.

"బేరింగ్ రోరై సాబ్" అన్నారు. బేరింగు ఏడుస్తోందట.

రెండు వారాల క్రితం బండిని ఒకచోట వాటర్ సర్వీసింగు చేయించాను. బురద వదలాలని నేనే పక్కన నిలబడి, చక్రాల మధ్యన బాగా కొట్టమని పురమాయించాను. ఆ నీటిధార బురదతో పాటు లోపలి గ్రీజునూ వదలగొట్టింది. ఉస్తాద్ చక్రం విప్పి చూపిస్తే బేరింగు లోపల కాఫీ రంగులో ఏదో ముద్ద, దాని అడుగున ఎర్రటి తుప్పు. తప్పు పూర్తిగా నాదే.

ఆయన పాత గ్రీజును గుడ్డతో తుడుస్తూండగా, అక్కడే తన లారీ పని కోసం ఎదురుచూస్తున్న షాద్‌నగర్ వైపు పెద్దాయన ఒకరితో మాట కలిసింది. "దీన్ని తెలుగులో ఏమంటారు పెద్దాయనా?" అని అడిగాను. జాలంలో తెలుగు రాసే మనబోటి వాళ్ళకుండే జబ్బే ఇది, ఎక్కడ ఏ వస్తువు కనబడినా దాని తెలుగు పేరు ఆరా తీయడం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "గిరీజే సారూ" అన్నాడు. మళ్ళీ తనే, "మా నాయిన కందెన అనేటోడు. ఆముదంల గడ్డి బూడిద కలిపి బండికి పెడుతుండె" అన్నాడు.

ఉస్తాద్ చేతిలోని గ్రీజు డబ్బాకూ, ఆ పెద్దాయన తండ్రి కట్టిన కందెనకూ సంబంధం ఉందని అప్పుడు నాకు తోచలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాకనే అర్థమైంది, ఆ సంబంధం దగ్గరి చుట్టరికమే అని.

కందెన అచ్చమైన బండి మాట. బ్రౌను దొర తన నిఘంటువులో దీనిని బండిచక్రాలకు పూసే జిడ్డుగానే నమోదు చేశాడు. సుమతీ శతకకారుడు కరణాలను ప్రసన్నం చేసుకోవలసిన అవసరాన్ని బోధిస్తూ ఉపమానం కోసం తిన్నగా ఇరుసు దగ్గరికే వెళ్ళాడు. దేవుడి బండికైనా ఈ నియమం నుంచి మినహాయింపు లేదన్నాడు. లంచానికి కందెన పోలిక తెలుగువాడికి ఎంత పాతదో చూడండి! చరకసంహితలో మరింత మర్యాదైన పోలిక ఉంది. ఒంటికి నూనె రాయడం వల్ల కలిగే మేలును చెబుతూ చరకుడు ఇరుసుకు జిడ్డు పెట్టడాన్ని ఉదాహరించాడు. సంస్కృతంలో 'స్నేహం' అంటే నూనె కూడాను, చెలిమి కూడాను. రెండు గట్టి వస్తువులు ఒకదాన్నొకటి కొరుక్కుతినకుండా మధ్యన నిలిచేది ఏదైనా స్నేహమే అనుకుంటే అర్థాలు రెండూ ఒకటే అవుతాయి.

మన మాధ్యమిక పాఠశాలల భౌతికశాస్త్ర పుస్తకాలు రాసినవారు ఒక పుణ్యం కట్టుకున్నారు. ఘర్షణ పాఠంలో 'కందెనలు' అనే మాటను నిలబెట్టారు. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ఆ మాట పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా గుర్తుండే ఉంటుంది. విచిత్రమేమిటంటే మాట పుస్తకంలోకి ఎక్కిన కాలంలోనే వీధిలో దిగిపోయింది. చిన్నప్పుడు నేనూ కందెన నిర్వచనం కంఠతా పట్టాను. అది ఒకప్పుడు బండి కింద వేలాడే గొట్టంలో ఉండే వస్తువని నాకెవరూ చెప్పలేదు.

ఆ గొట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ఎడ్లబండి చక్రంలో పూటీలు, ఆకులు, నడుమ కుండ ఉంటాయి. ఇరుసు చివర ఆ కుండలోంచి ఇవతలికి వస్తుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన కడశీల దిగగొడతారు. ఇరుసు తిరగదు, చక్రమే దాని మీద తిరుగుతుంది. అంటే బండి బరువూ సరుకు బరువూ మనుషుల బరువూ మొత్తం వచ్చి కుండ లోపలి భాగానికీ ఇరుసుకూ మధ్యనున్న జానెడు జాగాలో పడుతుంది. ఆ జానెడు జాగాయే నేటి భాషలో బేరింగు. గుండ్లు లేవు, గూడు లేదు. రెండు ఉపరితలాలు, మధ్యన కందెన, అంతే.

ఆ కందెనకు మూలం ఆముదం. ఆముదాలను వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలిన నూనెను తీస్తే వంటాముదం. అది ఇంటి అవసరాలకు. గానుగ ఆడిస్తే గానుగాముదం. ఇరుసుకు ఏదైనా పనికివస్తుంది. కానీ ఉత్త ఆముదం పోస్తే అది ఎండకు పలచబడి కారిపోతుంది. అందుకని గడ్డి కాల్చిన మసినో, మెత్తటి బొగ్గుపొడినో అందులో కలిపి ముద్ద చేసేవారు. దానిని వెదురుగొట్టంలోనో కొమ్ములోనో నింపి, లోపల ఒక పుల్ల పెట్టి, బండి కింద కట్టుకునేవారు. దూరప్రయాణమైతే మజిలీ మజిలీకి కడశీల తీసి, చక్రాన్ని కొద్దిగా బయటికి లాగి, పుల్లతో ఇరుసు చుట్టూ పూసి, మళ్ళీ చక్రం తోసేవారు. ఎడ్లకు నీళ్ళు పెట్టడం, ఇరుసుకు కందెన పెట్టడం ఒకే వరుసలోని పనులు. రెండూ ప్రాణులకు చేస్తున్నట్టే చేసేవారు.

ఇక్కడ ఆగి మసి ఎందుకని ప్రశ్నించుకోవాలి. మసి ఇరుసును జారేటట్లు చేయడానికి కాదు, ఆ పని ఆముదానిదే. మసి చేసేదల్లా ఆముదాన్ని తనలో పట్టి ఉంచి, కదలిక వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా వదలడం. నేటి గ్రీజుకు ఏ పుస్తకం తెరిచినా ఇదే నిర్వచనం: ఒక నూనె, ఆ నూనెను పట్టి ఉంచే చిక్కదనపు పదార్థం. వెదురుగొట్టంలోని నల్లటి ముద్ద నిర్వచనం ప్రకారం అక్షరాలా గ్రీజే.

మరి ఆముదమే ఎందుకు? మన ప్రాంతంలో చవకగా దొరికేది కాబట్టి అనడం సగం సమాధానం. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల ఎర్రచెలకల్లో వేరే పంట నిలవని చోట ఆముదం నిలుస్తుంది. నిజాం రాజ్యం ఆముదాల సాగుకు దేశంలోనే పేరెన్నికగన్నది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అని ఎగతాళి చేస్తాం గానీ, ఆ ఎగతాళిలో తెలంగాణ మెట్టభూముల వాస్తవం కూడా ఉంది. ఇప్పుడు ఈ పంటలో గుజరాత్ ముందుంది. అయినా బహదూర్‌పురా నుంచి ఆరాంఘర్ మీదుగా కాస్త దూరం పోతే వచ్చే రాజేంద్రనగర్‌లో, 1977లో మొదలైన నూనెగింజల పరిశోధన సంస్థలో ఆముదం మీద పరిశోధన సాగుతూనే ఉంది.

సమాధానంలో రెండో సగం రసాయనశాస్త్రానిది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు రిసినోలిక్ ఆమ్లమే. ఇతర వంటనూనెలలో ఇది దాదాపు కనిపించదు. ఈ ఆమ్లపు గొలుసు మధ్యలో ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన ఒక చిన్న కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం వల్ల అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లోహాన్నీ పట్టుకుంటాయి. అందుకే ఆముదం వేరుశనగ నూనెకంటే సుమారు ఆరు రెట్లు చిక్కన. బరువు పడినప్పుడు మిగిలిన నూనెలు పక్కకు తప్పుకుంటే ఇది అంటిపెట్టుకుని ఉంటుంది. ఎడ్లబండి చక్రం నిదానంగా తిరుగుతుంది కనుక నూనెపొర తనంతట తాను లేచి బరువు మోసేంత వేగం రాదు. అటువంటి చోట కావలసినది ఈ అంటిపెట్టుకునే గుణమే. ఆ బండివాడికి రిసినోలిక్ ఆమ్లం పేరు తెలియదు. ఆముదం పెడితే బండి తేలిగ్గా కదులుతుందనీ, ఎద్దు మెడ మీద కాడి తక్కువ ఒరుస్తుందనీ తెలుసు.

1578లో కుతుబ్‌షాహీలు మూసీ మీద పురానాపూల్ కట్టినప్పటి నుంచి గోల్కొండకూ నదికి దక్షిణాన వెలసిన నగరానికీ రాకపోకలు ఆ వంతెన మీదనే. బహదూర్‌పురా ఆ వంతెనకు దక్షిణపు కొసన ఉంది. నాలుగు శతాబ్దాలపాటు ఆ రాళ్ళ మీద ఎన్ని ఇరుసుల కందెన బొట్లుగా రాలి ఉంటుందో! చరిత్ర పుస్తకాలలో ఈ దారి వెంట నడిచిన సుల్తానుల పేర్లున్నాయి, వజ్రాల వ్యాపారుల పేర్లున్నాయి. కందెన గొట్టం పట్టుకుని చక్రం దగ్గర వంగిన మనిషికి పేరు లేదు. ఈ వ్యాసమంతటా అతనికి పేరు దొరకదు, కానీ అతని జాడ దొరుకుతుంది.

ఆ జాడ మొదట రైలు దగ్గర కనిపిస్తుంది. 1874లో వాడీ నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో భారతీయ రైళ్ళు దీపాలకూ ఆముదం వాడేవి, కందెనకూ ఆముదం వాడేవి. రైలుపెట్టె ఇరుసు చివర ఒక ఇనుప డబ్బా ఉండేది. అందులో నూనెలో నానిన దూదిపీచు కూరేవారు. ఇరుసు తిరుగుతూ ఆ పీచుకు రాసుకుని కావలసినంత నూనె తీసుకునేది. పీచు ఎండితే, ఇసుక పడితే, ఆ డబ్బా వేడెక్కి పొగలు కక్కేది. దానినే రైల్వేవారు హాట్ ఆక్సిల్ అంటారు. సమయానికి చూడకపోతే ఇరుసు విరిగి బండి పడిపోవడమే. అందుకని బండి స్టేషన్లో ఆగగానే నూనెడబ్బా పట్టుకుని ఒక మనిషి పెట్టె పెట్టెకూ నడిచేవాడు. డబ్బా మీద అరచెయ్యి కాదు, చేతి వెనకభాగం ఆనించి వేడి చూసేవాడు. మరొకతను సుత్తితో చక్రాన్ని కొట్టి మోత వినేవాడు. పగుళ్ళున్న చక్రం మోత వేరు. స్క్రూడ్రైవరు పిడికి చెవి ఆనించిన బహదూర్‌పురా ఉస్తాద్ ఈ వంశవృక్షంలోని వాడే.

ఆ డబ్బాల పుణ్యమా అని శాస్త్రానికి ఒక గొప్ప విషయం తెలిసివచ్చింది. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద పరీక్షలు చేస్తూ నూనె పోయడానికని పైభాగంలో ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరిగేసరికి నూనె లోపలికి పోవలసింది పోయి, పైకి తన్నుకువచ్చింది. బిరడా కొట్టాడు, ఎగిరిపోయింది. కర్రమేకు కొట్టాడు, దానినీ తోసేసింది. తిరిగే ఇరుసు తనంతట తాను నూనెను ఇరుకులోకి లాగి, బరువును మోసేంత ఒత్తిడి పుట్టిస్తుందని అప్పుడు తెలిసింది. వేగం ఉన్న చోట ఇరుసు లోహం మీద కాదు, నూనె మీద తేలుతుంది. మూడేళ్ళకు, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం కట్టాడు. బిరడా ఎగిరిపడడాన్ని లెక్కచేయకుండా మరింత గట్టి బిరడా వెతుక్కునేవాళ్ళం మనలో ఎందరమో!

గుండ్ల బేరింగు పుట్టింది కూడా బండి కోసమే. 1794లో వేల్స్‌లో ఫిలిప్ వాన్ అనే ఇనుము వ్యాపారి గుర్రపుబగ్గీ ఇరుసులో గుండ్లు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. కానీ సరిసమానమైన గుండ్లు చేయడం రాక ఆ ఆలోచన చాలాకాలం పడుకుంది. 1869లో పారిస్‌లో సూరిరే అనే సైకిలు మెకానిక్ దానిని నిద్రలేపాడు. ఆ ఏడే పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో గుండ్ల బేరింగుల సైకిలు నెగ్గింది. 1883లో జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫిషర్ గుండ్లను అచ్చంగా ఒకే కొలతకు అరగదీసే యంత్రం కట్టాక అవి లోకమంతా పాకాయి. నేటికీ లారీ చక్రాలలో కనిపించే కోసుగా ఉండే రోలర్ల బేరింగు 1898లో పేటెంటు పొందిన హెన్రీ టిమ్‌కెన్‌ది. ఆయనా గుర్రపుబగ్గీలు చేసే ఆసామియే. మలుపులో చక్రాన్ని పక్కకు తోసే బలాన్ని తట్టుకోవడం ఆయన సమస్య. చార్మినారు నుంచి జట్కా తోలిన ప్రతివాడికీ అది అనుభవైకవేద్యం.

హైదరాబాదులో ఈ గుండ్లు సామాన్యుడి చేతికి వచ్చింది సైకిలు, రిక్షాల ద్వారా. మన సైకిలు షాపులలో వాటిని 'ఛర్రాలు' అనేవారు. చిన్నప్పుడు మా వీధి సైకిలు షాపు ముందు కిరోసిన్ పోసిన రేకుడబ్బాలో ఛర్రాలు మునిగి ఉండేవి. వాటిని కడిగి, కప్పులో గ్రీజు రాసి, ఒక్కొక్కటీ వేలితో అంటించి, చివరికి ఒకటి తక్కువైతే షాపులో అందరం నేల మీద వెతికేవాళ్ళం. ఆ పనికి బోర్డుల మీద 'ఓవరాయిలింగ్' అని రాసి ఉండేది. అసలు మాట ఓవర్‌హాలింగ్ అని పెద్దయ్యాక తెలిసింది. అయితే తప్పు రాసిన ఆ పెయింటరే పనిలోని సారాన్ని పట్టుకున్నాడని నాకు ఈనాటికీ అనుమానం.

మోటారు బండ్ల కథ వేరు దారిన వచ్చింది. 1932లో నిజాం రాజ్య రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. తొలి బస్సులు స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్లు. దేశంలో ప్రభుత్వ రంగంలో బస్సులు నడపడంలో హైదరాబాదుది తొలి అడుగుల కోవ. 1958 జనవరి 11న ఏర్పడిన ఏపీఎస్‌ఆర్‌టీసీకి మూలం అదే. ఆ కాలపు బస్సు అడుగుభాగం నిండా గ్రీజు చూచుకాలు ఉండేవి. స్ప్రింగు బోల్టులకు, స్టీరింగు కీళ్ళకు, గేరుపెట్టె నుంచి వెనకచక్రాలకు పోయే షాఫ్టు కీళ్ళకు ఎక్కడికక్కడ ఒకటి. గ్రీజు గన్ను వాటికి తగిలించి కొడితే పాత గ్రీజు, దానితో పాటు నీళ్ళూ దుమ్మూ, అంచుల నుంచి బయటికి వచ్చేవి. కొత్తది కనబడేదాకా కొట్టాలి. డిపోలో రోజువారీ పని, వారపు పని, నెల పని అని పట్టికలు వచ్చాయి. ఎడ్లబండివాడు మజిలీ చూసుకుని చేసిన పనికి కాగితం మీద కిలోమీటర్ల లెక్క ఏర్పడింది. కందెన పెట్టడం అలా ఒక ఉద్యోగమైంది.

1960లలో హైదరాబాదే బేరింగులు చేయడం మొదలుపెట్టింది. మౌలాలిలో రాష్ట్ర ప్రభుత్వం, జపానుకు చెందిన కోయో సెయికో సంస్థ సహకారంతో ఇండో-నిప్పన్ ప్రెసిషన్ బేరింగ్స్ వెలిసింది. 1981లో అది హెచ్ఎంటీ చేతికి వచ్చి హెచ్ఎంటీ బేరింగ్స్ అయింది. ఇండియాకు గడియారాలిచ్చిన ఆ పేరు మీదే ఈ ఊళ్ళో బేరింగులూ తయారయ్యాయని చాలామందికి తెలియదు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం హెచ్ఎంటీ వాచీల కంపెనీతో పాటు దీని మూసివేతకూ ఆమోదం తెలిపింది. పత్రికలన్నీ వాచీల కోసం కన్నీరు కార్చాయి. మణికట్టు మీద కనబడేదానికి దొరికిన సానుభూతి ఇరుసులో దాగినదానికి దొరకలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నన్ను ఈ వ్యాసం రాయించింది ఇదే.

ఆముదానికి ఒక వైభవకాలం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లు మొత్తంగా గిర్రున తిరిగేవి. వాటిలో పెట్రోలు, కందెన కలిసి ప్రయాణించేవి. ఖనిజనూనె పెట్రోలులో కరిగిపోతుంది, ఆముదం అంత తేలికగా కరగదు. అందుకని ఆ ఇంజన్లకు ఆముదం పోసేవారు. ఇంజను బయటికి చిమ్మే ఆ నూనె పైలట్ల ముఖాల మీద పడేది. మనవాళ్ళు ఆముదం తాగిన ముఖం అంటారే, అది వాళ్ళకు వృత్తిధర్మం. 1909లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ తన కంపెనీ నూనెలో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే 'క్యాస్ట్రాల్' అని నామకరణం చేశాడు. నేటికీ బహదూర్‌పురాలో ఏ మెకానిక్ షెడ్డు గోడ మీద చూసినా ఆ పేరు కనిపిస్తుంది. ఆ పేరులో మన ఆముదపుచెట్టు ఉన్నదని కింద కూర్చున్నవాళ్ళకు తెలియదు.

తరువాత ఖనిజనూనెలు చవకై ఆముదాన్ని గెంటేశాయి. నిల్వ ఉంటే ఆముదం బంకగా గట్టిపడుతుంది. ఇంజన్లో అది పెద్ద దోషమే. కథ అక్కడితో ముగిసిందని నేనూ అనుకున్నాను. ముగియలేదు. 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ అనే ఆయన లిథియం సబ్బుతో గ్రీజు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అంతకుముందు సున్నపు సబ్బుతో చేసిన గ్రీజు నీటికి నిలిచేది, వేడికి కరిగేది. సోడా సబ్బుతో చేసినది వేడికి నిలిచేది, నీటికి కొట్టుకుపోయేది. లిథియం గ్రీజు రెంటికీ నిలిచింది. లోకంలో నేడు తయారయ్యే గ్రీజులో సగానికి పైగా ఈ జాతిదే. ఆ లిథియం సబ్బు దేనితో చేస్తారు? ముఖ్యంగా ఆముదానికి హైడ్రోజన్ పట్టించి, దాని నుంచి తీసిన కొవ్వు ఆమ్లంతో. గొలుసు మధ్యలోని ఆ చిన్న కొక్కెమే ఇక్కడా పనిచేస్తుంది. సబ్బు పోగులు పోగులుగా అల్లుకుని, నూనెను తమలో పట్టి ఉంచి, కదలిక వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతాయి.

అంటే వెదురుగొట్టంలో ఆముదం నూనె పాత్ర వేసింది, మసి పట్టి ఉంచే పాత్ర వేసింది. నేటి డబ్బాలో ఖనిజనూనె ఆముదం పాత్ర వేస్తోంది, ఆముదం మసి పాత్ర వేస్తోంది. వేషాలు మారాయి, నటుడు వేదిక దిగలేదు. ఉస్తాద్ చేతిలోని ఆ డబ్బా లిథియం గ్రీజుదే. షాద్‌నగర్ పెద్దాయన తండ్రి పెట్టిన కందెనకు అది పరాయిది కాదు.

కెనడాలో స్థిరపడిన మిత్రుడొకడికి ఇది ఫోనులో చెబితే, తన పొరుగింటివాడి మంచుబండి ముచ్చట చెప్పాడు. 1930లలో క్యూబెక్‌లో బొంబార్డియర్ అనే మెకానిక్ మంచు మీద నడిచే వాహనాలు కట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు కూర్చునే చిన్న మంచుబండి 'స్కీ-డూ' 1959లో వచ్చింది. దాని ఇంజను శక్తి బెల్టు మీదుగా ఒక అడ్డ ఇరుసుకు, అక్కడి నుంచి గొలుసు ద్వారా ముందు ఇరుసుకు చేరి, రబ్బరు పట్టాను తిప్పుతుంది. ఆ ఇరుసుల కొసలలో బేరింగులు, పట్టా లోపల దొర్లే చిన్న చక్రాలలో మరికొన్ని. బండి నడిచినంతసేపు మంచు వాటి చుట్టూ కరుగుతుంది, ఆగినప్పుడు గడ్డకడుతుంది. చలికాలం పోయి బండిని మూల పెట్టాక లోపల మిగిలిన నీరు ఎండాకాలమంతా నిదానంగా తుప్పు పట్టిస్తుంది. అందుకని పొరుగాయన వసంతంలోనే, బండిని మూల పెట్టకముందే, గ్రీజు కొట్టి నీటిని వెళ్ళగొడతాడట. చూచుకం లేని బేరింగులకు రబ్బరు మూతను సూదిమొనతో లేపి, లోపల కొత్త గ్రీజు నింపి, మూతను మళ్ళీ నొక్కేస్తాడట. జీవితాంతం తెరవనక్కరలేదని కంపెనీ మూసి ఇచ్చినదాన్ని తెరవడమన్నమాట.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే బహదూర్‌పురాలో ఆ రోజు నేను చూసింది సరిగ్గా ఇదే. నా చక్రంలో రెండు బేరింగులున్నాయి. ఒకటి తుప్పు పట్టి చచ్చిపోయింది. రెండోదాన్ని ఉస్తాద్ చేతిలో పెట్టుకుని, వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "ఏ జిందా హై" అన్నారు. పిన్నుతో దాని రబ్బరు మూత లేపారు. కిరోసిన్లో కడిగారు. గాలి కొట్టి తిప్పవద్దని పనికుర్రాడిని కసిరారు. నూనె లేకుండా గిర్రున తిరిగితే గుండ్లు గీరుకుపోతాయట. చెయ్యి గుడ్డకు తుడుచుకుని, ఆ గుడ్డ వద్దని మరో శుభ్రమైన గుడ్డ తీసుకుని, అప్పుడు గ్రీజు డబ్బా మూత తీశారు. గ్రీజులో పడిన దుమ్ము సానరాయితో సమానం. గుండ్ల మధ్య సందులు మూడోవంతు నిండేదాకా వేలితో నొక్కి పెట్టి ఆపేశారు.

"నిండా పెట్టరా ఉస్తాద్?" అన్నాను.

"నిండా పెడితే కాలుతది సాబ్. లోపల తిరగనీకె జాగా కావాలె" అన్నారు.

పూర్తిగా కూరితే గ్రీజు తనలో తానే చిలకబడి వేడెక్కుతుందనే సంగతి నేను తరువాత పుస్తకంలోనూ చదివాను.

మొత్తం పనికి ఆయన తీసుకున్న కూలి కొత్త బేరింగు ధరకంటే తక్కువ. అందుకే ఈ పని ఎక్కువకాలం సాగదు. కొత్తది వేయడం చవక, త్వరగా అవుతుంది, ఎవరైనా వేయగలరు. అడిగితే ఉస్తాదే చెప్పారు, కొడుకు ఇదే రోడ్డు మీద విడిభాగాల దుకాణం పెట్టాడట. "వాడు అమ్ముతడు, వినడు" అన్నారు నవ్వుతూ. ఫిర్యాదుగా అనలేదు. మూసిన బేరింగు నిజంగానే మేలైన వస్తువు. రైలు ఇరుసులు విరిగి మనుషులు పోయే రోజులు పోయాయంటే, దూదిపీచు డబ్బాల స్థానంలో మూసిన రోలర్ బేరింగులు రావడం అందుకొక ముఖ్య కారణం. దానిని కాదనను. ఆ చెవినీ, చేతి వెనకభాగాన్నీ, వెదురుగొట్టాన్నీ ఎక్కడా రాసి పెట్టకుండానే పోగొట్టుకుంటున్నామన్నదే నా బాధ.

బండి తీసుకుని బయలుదేరుతుంటే షాద్‌నగర్ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. కందెన గొట్టం ఇంట్లో ఇంకా ఉందా అని అడిగాను. అటక మీద ఉండాలి, చూడాలె అన్నాడు. దానికి వాళ్ళ ఊళ్ళో వేరే పేరేదో ఉండేదట, నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేను ఫ్లైఓవరు ఎక్కేదాకా అద్దంలో ఆయన ఇంకా తల గోక్కుంటూనే కనిపించాడు.

మీ వైపు దానిని ఏమనేవారో గుర్తున్నవారు దయచేసి చెప్పండి. మసికి బదులు మరేదైనా కలిపేవారా అన్నది కూడా.